అగ్గిపుల్ల లేని మంట

"పావు తక్కువ పదకొండు. రాసుకోండి," అంది సుమంగళ, రెండో డ్రమ్ము మీద మూత పెడుతూ.

హెడ్ కానిస్టేబుల్ గడియారం చూసి రాసుకున్నాడు. కాలిపోయిన పెయింట్ గోడౌన్ ముందు వేపచెట్టు నీడ అంచున రెండు ఇనుప డ్రమ్ములు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. మూతలు ఒకే రకం. రెండు మూతలకూ మధ్యలో ఒక్కొక్క రంధ్రం, రంధ్రంలోంచి బయటికి పొడుచుకొచ్చిన ఒక్కొక్క ధర్మామీటరు. లోపల ఏముందో, ఎలా ఉందో ఆమెకూ హెడ్ కానిస్టేబుల్‌కూ తప్ప ఎవరికీ తెలియదు.

జీపు వచ్చి ఆగింది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అమరేశప్ప దిగుతూనే డ్రమ్ముల వైపు చూశాడు.

"ఏంది మేడం ఇది? వంట చేస్తున్నరా?"

"మీ కేసును పరీక్ష చేస్తున్న సాబ్."

"కేసు ముగిసింది. నింగప్ప నిన్న సాయంత్రమే ఒప్పుకున్నడు. నాలుగు గంటలకు రాయచూరు కోర్టుల హాజరు పరుస్త. మూడుకు నా జీపు ఇక్కడ్నుంచి కదులుతది. అప్పటిదాంక మీరేమన్న చేసుకోండి."

సుమంగళ తలూపింది. నలభై మూడేళ్ళ మనిషి. రాయచూరు కాలేజీలో పదకొండేళ్ళు రసాయనశాస్త్రం చెప్పి మానేసింది. ఇప్పుడు ఎక్కడ మంట లేచినా, ఎందుకు లేచిందో తేల్చడమే ఆమె పని. తొంభై అయిదో సంవత్సరం ఏప్రిల్‌లో ఆ పని ఆమెను రాయచూరు పక్కన కరెంటు ప్లాంటు ఉన్న శక్తినగర్‌కు తెచ్చింది.

ఆదివారం సాయంత్రం నాలుగూ నలభైకి టౌన్‌షిప్ గోడ బయట ఉన్న ఈ ప్రైవేటు గోడౌన్ కప్పు మీద మంట కనపడింది. లోపల నిద్రపోతున్న స్టోర్ కీపర్ సూగురేశ్ చనిపోయాడు. ఆ మధ్యాహ్నం పెయింటర్ నింగప్ప అతనితో గొడవ పడ్డాడు, పన్నెండున్నరకు బీడీ తాగుతూ గోడౌన్ నుంచి బయటికి వచ్చాడు. అమరేశప్పకు అంతే చాలింది.

సుమంగళను పిలిపించింది మాత్రం నింగప్ప వైపు వాళ్ళు కాదు. సూగురేశ్ భార్య రామాబాయి. మొన్న రాయచూరులో సుమంగళ ఇంటి మెట్ల మీద కూర్చొని ఆమె చెప్పిన మొదటి మాట ఇది: "నా మొగని నింగప్ప సంపలే అక్కా. తప్పు మనిషిని లోపటేస్తే అసలోడు నా ఎదురుంగనే తిరుగుతడు. నేనెట్ల బతకాలె?"

*

"పది నిమిషాలు నాతో లోపలికి రండి," అంది సుమంగళ.

అమరేశప్ప విసుగ్గానే వెంట నడిచాడు. కప్పు రేకులు లోపలికి కూలి ఉన్నాయి. ముందు గది మూలలో మసిబారిన డ్రమ్ము ఒకటి. గోడకు పడిన మసి ఆ డ్రమ్ము దగ్గర మొదలై పైకి విసనకర్రలా విచ్చుకుంది.

"మంట పుట్టింది ఇక్కడ. ఒప్పుకుంటరా?"

"ఒప్పుకుంట. నూనె గుడ్డలు పారేసే డ్రమ్ము అది. వాడు బీడీ అండ్ల పడేసిండు."

ఆమె టార్చి వేసి డ్రమ్ము లోపల చూపించింది. అడుగున మాడిన ముద్ద. ముద్ద అంచున నల్లగా, గళ్ళు గళ్ళుగా, నేత అచ్చు.

"గోనెపట్ట," అన్నాడు అమరేశప్ప వంగి చూసి.

"డ్రమ్ము చుట్టూ లోపలి వైపు గోనెపట్ట పరిచిండ్రు. మధ్యల గుడ్డలు గట్టిగ వొత్తిండ్రు. పారేసే గుడ్డలకు ఎవరన్న పరుపు వేస్తరా సాబ్?"

ఆమె తలుపు దగ్గరికి నడిచింది. ఫైర్ వాళ్ళు గడ్డపారతో పెకలించిన తలుపు గోడకు ఆనించి ఉంది. ఆకుపచ్చ రంగంతా బుడగలు లేచి పొట్టులా రాలింది. ఒక్క చోట మాత్రం, జానెడు పొడవున, రంగు కొత్తదిలా నిగనిగలాడుతోంది. ఊడిపడిన గొళ్ళేన్ని ఆమె నేల మీద నుంచి తీసి ఆ మచ్చ మీద పెట్టింది. అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

"గొళ్ళెం పెట్టి ఉన్నప్పుడే మంట తగిలింది. గొళ్ళెం కింద ఉన్న రంగు కాలలే. బయట్నుంచి పెట్టిండ్రు."

"గాలికి పడి ఉంటది."

"గాలికి తలుపు మూసుకుంటది. గొళ్ళెం లేచి కొండికి ఎక్కదు."

అమరేశప్ప నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. "అయితే నింగప్పే పెట్టిండు. బీడీ పడేసి, గొళ్ళెం పెట్టి పోయిండు. నా కేసు ఇంక గట్టిపడ్డది మేడం. థ్యాంక్స్."

"ఇంకొకటి చూడండి."

గోడౌన్‌కు ఇరవై అడుగుల దూరంలో రెండు స్తంభాల మధ్య జీఐ తీగ. దాని మెలికల్లో చిన్న చిన్న నూలు పోగులు చిక్కుకొని ఉన్నాయి. ఆమె ఒక పోగు తీసి అతని వేళ్ళ మధ్య పెట్టింది. జిడ్డుగా, పసుపుగా ఉంది. అల్సి నూనె వాసన, రంగుల్లో కలిపే అవిసె నూనెది.

"గుడ్డలు ఇక్కడ ఆరేసి ఉండె. ఎవరో మెల్లగ తియ్యలే, గుంజిండ్రు. కంపెనీ బస్సు డ్రైవర్ రాసిచ్చిన కాగితం నా దగ్గర ఉన్నది. ఆదివారం పన్నెండూ యాభైకి బస్సు ఈ మలుపు తిరిగింది. అప్పుడు తీగె నిండ గుడ్డలున్నయని, కిటికీకి తగుల్తయేమో అనుకున్ననని రాసిచ్చిండు. ఆ బస్సుల నింగప్ప ఉన్నడు. సాయంత్రం ఆరు దాంక రాయచూరు నుంచి తిరిగి రాలే. అయితే గుడ్డలు గుంజింది ఎవరు? డ్రమ్ముల వొత్తింది ఎవరు?"

"డ్రైవర్ల మాట మీద కోర్టు నడవదు," అన్నాడు అమరేశప్ప. కాని ఆ నూలు పోగును పారేయలేదు. జేబులోంచి కాగితం తీసి అందులో మడిచి పెట్టాడు.

*

నింగప్ప జీపు వెనక సీటులో సంకెళ్ళతో కూర్చొని ఉన్నాడు. ముప్పయ్యేళ్ళు కూడా లేవు. గోళ్ళ నిండా ఎండిన రంగు. సుమంగళ నీళ్ళ చెంబు ఇస్తే రెండు చేతులూ కలిపి అందుకున్నాడు.

"సూగురేశ్‌తోని ఎందుకు కొట్లాడినవు?"

"హంపయ్య మా అక్క మొగడమ్మా. పోయిన నెల మా కాంట్రాక్టర్ రంగా సావుకారి పని మీద నీళ్ళ ట్యాంకుకు రంగేస్తుంటే తాడు తెగి పడ్డడు. నడుము ఇరిగింది. తాడు కట్టుకోలే, వాని తప్పే అని సావుకారి రాయించిండు. తాడు ఇచ్చింది సూగురేశన్ననే గద. నిజం చెప్పుమని ఒర్లిన."

"ఏమన్నడు?"

నింగప్ప చెంబు కింద పెట్టాడు. "సోమవారం లేబర్ ఆఫీసర్ వస్తున్నడు, తెగిన తాడు ఆయన చేతుల పెడుత అన్నడు. నా బుజం మీద చెయ్యేసిండు. నాకు ఏడుపొచ్చింది. బయటికొచ్చి బీడీ ముట్టించిన."

"గుడ్డలు?"

"రోజు లెక్కనే తీగె మీద ఆరేసిన. ముద్ద చేసి పెడితే తిడ్తడు మా వీరేశ్ సార్. మూడేండ్ల కిందట ఏదో ఊర్ల గుడ్డల డబ్బా దానంతట అదే అంటుకున్నదంట. సూపర్‌వైజర్ ఆయననే. అప్పటిసంది ఆరేయనిది బస్సు ఎక్కనియ్యడు."

సుమంగళ అమరేశప్ప వైపు చూసింది. అతను విన్నాడు.

"మరి ఎందుకు ఒప్పుకున్నవు నింగప్పా?"

"నేను సంపిన అనలేదమ్మా." అతను సంకెళ్ళ వంక చూసుకున్నాడు. "బీడీ యాడ పడేసిన్నో నాకు యాదికి లేదు. మూడు రాత్రులాయె, అదే ఆలోచిస్తున్న. నా బీడీ వల్లనే అయ్యుంటది అని సాబ్‌తోని అన్న. నిజంగనే నా వల్లనే అయ్యుంటే? ఆ రామాబాయి మొకం నేనెట్ల చూడాలె?"

అమరేశప్ప టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

చెట్టు అవతలి నీడలో రామాబాయి ఒక్కతే రాతి మీద కూర్చొని ఉంది. సుమంగళ ఆమె పక్కన వంగింది.

"ఆ తాడు సంగతి ఎవరికన్న చెప్పినవా?"

"లే అక్కా. శనివారం పొద్దుమూకినాంక ఆయన తెచ్చి బియ్యం డబ్బా వెనక పెట్టిండు. నీకు తప్ప ఎవ్వరికి చెప్పలే. ఆదివారం ఇంటికాడ ఉండే మనిషి. శనివారం రాత్రంత లారీలు దింపించి అలసిపోయి ఆడనే పండుకున్నడు..." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకొంచెం సేపు. ఎవ్వరికీ చెప్పకు."

*

పన్నెండున్నర. హెడ్ కానిస్టేబుల్ ధర్మామీటర్లు చదివాడు. "ఎడమది నలభై ఆరు. కుడిది యాభై ఏడు."

బయట గాలి ముప్పై తొమ్మిది. ఆదివారం నలభై.

ఒంటి గంట. "ఎడమది నలభై నాలుగు. కుడిది అరవై నాలుగు."

అమరేశప్ప నవ్వాడు. "ఒకటి దిగుతున్నది. ఇంకోటి చాయ్ కంటె తక్కువ. దీన్ని చూపించి జడ్జి సాబ్‌కు ఏం చెప్తరు మేడం? గుడ్డలకు జరం వచ్చిందని చెప్తరా?"

"దిగుతున్నదే నాకు కావాల్సింది. రెండిట్ల గుడ్డలు ఒక్కటే, నూనె ఒక్కటే. ఎడమది పెయింటర్లు పారేసినట్టు వదులుగ వేసిన. కుడిది మీ గోడౌన్ల దొరికినట్టు గోనెపట్ట మధ్యల వొత్తిన. అల్సి నూనె గాలిని పీల్చి గట్టిపడుతది. అందుకే రంగుల కలుపుతరు. గట్టిపడేటప్పుడు వేడి పుడుతది. వదులుగ ఉంటే పుట్టిన వేడి పుట్టినట్టే పోతది. వొత్తిపెడితే పోదు. వేడెక్కిన నూనె ఇంకా జోరుగ పీలుస్తది. జోరుగ పీలిస్తే ఇంకా వేడి."

"కట్టె గూడ గాలిల్నే ఉంటది. దానంతట అదే అంటుకుంటదా?"

"కట్టె కాలనీకి తయారుగనే ఉంటది సాబ్. దానికి మొదట ఒక తోపు కావాలె. అది మనం అగ్గిపుల్లతోని ఇస్తం. ఈ నూనెకు అంత తోపు అక్కర్లేదు. మన రాయచూరు ఎండ చాలు."

అమరేశప్ప నమ్మనట్టు తల అడ్డంగా ఊపాడు. "అగ్గి లేకుండ అగ్గి పుడుతదా?"

"మీది ఇడపనూరు గద. పత్తికి కొట్టనీకి యూరియా నీళ్ళల్ల కలిపిండ్రా ఎప్పుడన్న?"

"ఎన్నోసార్లు."

"కలిపినాంక బకెట్ ఎట్లుంటది?"

"సల్లగ. చెయ్యి పెడితే ఐసు లెక్క."

"ఎవరు సల్లార్చిండ్రు?"

"ఎవ్వరు లే. దానంతట అదే."

"కరగాలని ఉంటది కాబట్టి కరుగుతది. కరగనీకి వేడి కావాలె, అది చుట్టున్న నీళ్ళల్ల నుంచే గుంజుకుంటది. ఈ నూనె వేడిని బయటికి ఇస్తది, అది లోపలికి తీసుకుంటది. రెండూ ఎవరూ ముట్టించకుండనే నడుస్తయి. అయితే యూరియా సంచి తెచ్చి నీళ్ళల్ల పోసినోడు ఒకడు ఉంటడు గద? ఇక్కడ గూడ ఉన్నడు. పోసి పోయిండు. ఆ తర్వాత మూడు నాలుగు గంటలు వాడు ఎక్కడన్న ఉండొచ్చు. నలుగురి కండ్ల ముంగట ఉండొచ్చు."

అమరేశప్ప కుడివైపు డ్రమ్ము దగ్గరికి వెళ్ళి, అరచెయ్యి దాని మీద ఆనించి, చప్పున తీసుకున్నాడు.

*

ఒంటిగంటా పదికి తెల్ల కారు వచ్చింది. ఇద్దరు దిగారు. ముందు దిగింది కాంట్రాక్టర్ రంగా. రాయచూరు బజారులో తాత కాలం నుంచి రంగుల దుకాణం ఉన్న కుటుంబం. శక్తినగర్ చుట్టుపక్కల పెయింటింగ్ పనులన్నీ అతనివే. నున్నటి గొంతు, ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా. వెనక దిగినవాడు అతని సూపర్‌వైజర్ వీరేశ్, సన్నగా, పొడుగ్గా ఉన్నాడు.

"మీరు పిలిచిండ్రని తీస్కొచ్చిన మేడం," అన్నాడు రంగా. "మా సూగురేశ్ పోయిండు. ఏం అడిగినా చెప్తం." రామాబాయిని చూసి ముఖం దించుకున్నాడు. "అయ్యో, ఆ బిడ్డను ఎండల కూసోబెట్టిండ్రేంది?" అని కారులోంచి మజ్జిగ సీసా తీసుకొని ఆమె దగ్గరికి వెళ్ళాడు.

సుమంగళ వీరేశ్‌ను డ్రమ్ముల ముందు స్టూలు మీద కూర్చోబెట్టింది. అమరేశప్ప పక్కనే నిలబడ్డాడు.

"ఆదివారం పన్నెండూ యాభై నుంచి ఎక్కడున్నరు?"

"ఒంటిగంటన్నరకు క్లబ్బుకు పోయిన. క్యారమ్స్ ఆడినం. మంట కనపడేదాంక ఆడనే ఉన్న. ఇరవై మంది చూసిండ్రు."

"నేను అడిగింది పన్నెండూ యాభై నుంచి."

"ఇంట్ల. అన్నం తింటున్న."

"ఎవరన్న చూసిండ్రా?"

"ఇంటోళ్ళు ఊరికి పోయిండ్రు. ఒక్కన్నే." అతను గొంతు సవరించుకున్నాడు. "మంట నాలుగున్నరకు గద మేడం లేచింది. ఒంటిగంటకు నేనేడ ఉంటే ఏంది?"

"మంచి మాట. మూడేండ్ల కిందట మీ సైటుల గుడ్డల డబ్బా అంటుకున్నప్పుడు ఎన్ని గంటలు పట్టింది?"

వీరేశ్ కళ్ళు ఒక్కసారి నింగప్ప ఉన్న జీపు వైపు తిరిగాయి. "నాకు యాదికి లేదు."

"సరే. సలహా అడుగుత, మీరు అనుభవం ఉన్నోళ్ళు. ఈ రెండిట్ల ఒక్కటే లెక్క గుడ్డలున్నయి. ఇది నలభై మూడుకు దిగింది. అది డెబ్బై దాటింది. ఎందుకు?"

అతను రెండు మూతల వంకా మార్చి మార్చి చూశాడు. జవాబు తెలిసినవాడికి తెలియనట్టు కూర్చోవడం కష్టం. అందులోనూ మూడేళ్ళుగా కూలీలకు అదే పాఠం చెప్పినవాడికి.

"గోనెపట్ట సుట్టి వొత్తిపెడితే వేడి యాడికి పోతది మేడం? లోపల్నే ఉంటది."

సుమంగళ నోరు తెరవకముందే అమరేశప్ప వంగాడు. చాలా నెమ్మదిగా అడిగాడు.

"గోనెపట్ట ఉన్నదని నీకెవరు చెప్పిండ్రు?"

"ఊహించి..."

"మూత తియ్యలే. నేను చెప్పలే. మేడం చెప్పలే. పంచనామల గూడ ఇంక రాయలే."

"మామూలుగ గోనెపట్టలే గద సార్ గోడౌన్ల ఉండేది." వీరేశ్ లేచి నిలబడబోయాడు. అమరేశప్ప చెయ్యి అతని భుజం మీద పడింది. స్టూలు కిర్రుమంది.

"కూసో. మనం గూడ చూద్దాం, ఇది ఎప్పుడు అంటుకుంటదో."

ఆ మాటతో అతను తన పక్కకు వచ్చేశాడని సుమంగళకు అర్థమైంది. ఆమెకు సంతోషం కలగలేదు. మూడు గంటలు ఎంతో దూరంలో లేవు. డ్రమ్ము అంటుకోకపోతే చేతిలో ఉన్నది నోరు జారిన ఒక్క మాట మాత్రమే. వకీలు దాన్ని ఒక్క నిమిషంలో చింపేస్తాడు.

"ఒంటిగంటా నలభై. కుడిది తొంభై ఆరు."

"ఒంటిగంటా యాభై. నూట ఇరవై."

ఘాటుగా, గొంతులో పట్టుకునే వాసన మొదలైంది. రెండుకు అయిదు నిమిషాల ముందు మూత రంధ్రంలోంచి సన్నటి తెల్ల పొగ, దారంలా. హెడ్ కానిస్టేబుల్ అంకె చదవడం మాని వెనక్కి జరిగాడు. పొగ చిక్కబడింది, పసుపు తిరిగింది.

"మూత సగం జరపండి," అంది సుమంగళ. "గోడౌన్ల డ్రమ్ము మూత గూడ సగం మూసి ఉన్నట్టే మరక ఉన్నది."

అమరేశప్ప తానే లాఠీతో మూతను జరిపాడు. గాలి తగిలిన మరుక్షణం లోపల ఎర్రటి కన్ను ఒకటి తెరుచుకుంది. భగ్గున మంట లేచింది. అతని కనుబొమలు కమిలిన వాసన వచ్చింది.

"రెండూ పది," అంది ఆమె గడియారం చూసి. "మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలు. ఆదివారం కప్పు మీద మంట కనపడింది నాలుగూ నలభైకి. పైకి ఎక్కనీకి పది నిమిషాలు తీసెయ్యండి. నాలుగున్నర. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి."

అమరేశప్ప పెదవులు కదిలాయి. "ఒంటిగంటా అయిదు."

"అప్పటికి నింగప్ప ఎక్కిన బస్సు రాయచూరు దారిల దేవసూగూరు దాటి పోయింది."

జీపు వెనక సీటులోంచి ఒక శబ్దం వచ్చింది. నింగప్ప తల మోకాళ్ళ మీద పెట్టుకొని ఏడుస్తున్నాడు. "నా బీడీ కాదు... నా బీడీ కాదు..." అని మాత్రం వినపడుతోంది. అమరేశప్ప తాళంచెవి తీసి హెడ్ కానిస్టేబుల్ చేతిలో పెట్టాడు. "సంకెళ్ళు తియ్యి."

తర్వాత వీరేశ్ వైపు తిరిగాడు. ఆ మనిషి మంటను చూస్తున్నాడు.

"గుడ్డలు నువ్వు గుంజినవు. నువ్వు వొత్తినవు. సూగురేశ్ లోపట పండుకున్నడని తెలిసి గొళ్ళెం పెట్టినవు. ఉరి పడుతది వీరేశ్."

"గొళ్ళెమా?" వీరేశ్ అతని వంక వెర్రిగా చూశాడు. "ఏ గొళ్ళెం?"

"నాటకాలొద్దు."

"సార్, దేవుని తోడు. ఏ గొళ్ళెం సార్? తలుపు దగ్గరికేసిన, అంతే! డబ్బాల వెనక మనిషి ఉన్నడనే నాకు తెలువది. ఆదివారం ఇంటికి పోతడు గద ఆయన!" మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "తాడు కాలిపోవాలె అని సావుకారి చెప్పిండు. అగ్గి పెట్టొద్దు, ఎవరికి అనుమానం రావొద్దు, నీకు తెలిసిన పనే గద అన్నడు. చేసిన. చేసింది నిజమే. పొగ లేచినప్పుడు సూగురేశ్ లోపట ఉన్నడని అందరు ఒర్లుతుంటే నా పానం పోయింది సార్. లేవలేకపోయిండు అనుకున్న. నిద్రల్నే పోయిండు అనుకున్న. గొళ్ళెం... బయట్నుంచా?"

సుమంగళ అతని ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ ముఖంలోని భయాన్ని ఆమె చాలాసేపు చూసింది. అది దొరికిపోయినవాడి భయం కాదు. తాను ఎందులో భాగమయ్యాడో ఇప్పుడే తెలిసినవాడిది.

"తాడు చూసినవా లోపట?"

"మేకు మీద ఉండాలె. లేదు. మేకు ఉత్తగ ఉన్నది. క్లబ్బుకు పోయి సావుకారి చెవుల చెప్పిన, తాడు లేదు అని."

"ఏమన్నడు?"

"ఏం అనలే. కాసేపు స్ట్రైకర్ చేతుల పట్టుకొని కూసున్నడు. పాన్ తెచ్చుకుంట అని లేచిండు. పావుగంటకు తిరిగొచ్చిండు. చేతుల పాన్ లేదు. నోట్ల గూడ లేదు."

క్లబ్బు నుంచి గోడౌన్‌కు నడిచి అయిదు నిమిషాలు. తాడు సూగురేశ్ తీసేశాడని రంగాకు ఆ క్షణంలోనే తెలిసి ఉంటుంది. తాడు కాలకపోయినా పర్వాలేదు. అది ఏ తాడో చెప్పగల నోరు కాలిపోతే చాలు. రాత్రంతా లారీలు దింపించి సూగురేశ్ అక్కడే పడుకున్నాడని, ఆ పని చెప్పిన రంగాకు తెలియకుండా ఉండదు. లోపల ముద్ద అప్పటికే వేడెక్కుతోంది. అతను చేయాల్సింది ఒక ఇనప ముక్కను పైకెత్తి కిందికి దించడమే.

సుమంగళ లేచి వెనక్కి తిరిగింది.

చెట్టు అవతలి నీడలో రాయి ఖాళీగా ఉంది. మజ్జిగ సీసా మూత తీసి పక్కన పెట్టి ఉంది. తెల్ల కారు లేదు. డ్రమ్ము చుట్టూ మూగిన ఆ గంటసేపు వాళ్ళలో ఒక్కరూ అటు చూడలేదు.

"రామాబాయి ఏది?" అంది. అమరేశప్ప వైపు తిరిగింది. "సాబ్, రామాబాయి ఏది?"

అప్పుడే టౌన్‌షిప్ వైపు నుంచి సైకిల్ మీద ఒక కానిస్టేబుల్ వచ్చాడు. అమరేశప్ప అతన్ని చొక్కా పట్టుకొని దించినంత పని చేశాడు. "రంగా సావుకారిని చూసినవా?"

"చూసిన సార్. సూగురేశ్ క్వార్టర్ కాడ. ఆ అమ్మ ఇంట్లకు పోయి ఒక తాడు చుట్ట తెచ్చింది. కండ్ల నిండ నీళ్ళు, మొకంల మాత్రం సంతోషం. నన్ను చూసి, కోర్టుకు పోతున్నం అన్నా, జడ్జి సాబ్ చేతుల ఇది పెడితే నింగప్పను ఇడిచిపెడ్తరంట, సావుకారే చెప్పిండు అన్నది. కారు ఎక్కింది."

"ఎంతసేపాయె?"

"పావుగంట గూడ కాలే సార్. అయితే..." కానిస్టేబుల్ తల గోక్కున్నాడు. "కోర్టు రాయచూరుల గద. కారు అటు తిరగలే. కృష్ణ వంతెన దిక్కు పోయింది."

అమరేశప్ప వంతెన వైపు తిరిగాడు. వంతెన అవతల కర్ణాటక కాదు, ఆంధ్రప్రదేశ్. అక్కడ అతని యూనిఫాంకు హక్కు లేదు, అతని వైర్‌లెస్‌కు జవాబు రాదు.

"దాటనియ్యొద్దు," అంది సుమంగళ, అప్పటికే జీపు వైపు పరుగెత్తుతూ. "సాబ్, వంతెన దాటనియ్యొద్దు!"

సంకెళ్ళు ఇప్పుడే ఊడిన చేతులతో నింగప్ప ముందు సీటు తలుపు తెరిచి పట్టుకున్నాడు.